బొటనవేలి కొసను వంచే ముంజేతి కండరం: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో ఫిజియోథెరపీ చేస్తాను, వారంలో రెండు రోజులు విజయవాడ వెళ్ళి విద్యార్థులకు పాఠం చెప్తాను. ఇక్కడ పేషెంటు "బొటనవేలి చివర వంగట్లేదండీ, ఎందుకు?" అంటారు. అక్కడ విద్యార్థి "ఎఫ్‌పీఎల్ నర్వ్ సప్లై ఏంటి సార్?" అంటాడు. ఇద్దరూ అడిగేది ఒకే కండరం గురించి. ఫోన్‌లో చెప్పిందే చెప్పడం కన్నా ఒకచోట రాసిపెడితే నయమనిపించింది. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టండి, మిగతావి చదవకపోయినా ఫర్వాలేదు. ఇది చదివి రోగం మీరే తేల్చుకోవద్దు. డాక్టరు దగ్గర ఏం అడగాలో తెలియడానికి మాత్రం పనికొస్తుంది.

## అసలు ఇదేం కండరం?

వంగాల్సింది బొటనవేలు. మధ్యలో ముంజేయి ఎందుకొచ్చింది?

వేళ్ళను గట్టిగా వంచే కండరాలు వేళ్ళలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. తోలుబొమ్మలాటలో బొమ్మ చెయ్యి తెర మీద ఊగుతుంది, పుల్ల మాత్రం తెర వెనక ఆడించేవాడి చేతిలో ఉంటుంది. ఇక్కడా అంతే. ఎడమ చేతి వేళ్ళను కుడి ముంజేతి మధ్యలో, అరచేతి వైపున, బొటనవేలి పక్కకు కాస్త లోతుగా నొక్కిపెట్టి, కుడి బొటనవేలి కొస మాత్రం టకటకా వంచి చాచండి. వేళ్ళ కింద ఏదో కదులుతుంది. అదే ఫ్లెక్సర్ పాలిసిస్ లాంగస్. పొడుగు పేరు కాబట్టి అందరూ ఎఫ్‌పీఎల్ అంటారు.

ఇది సరిగ్గా ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?

ముంజేతిలో రెండు ఎముకలు. బొటనవేలి వైపున్నది రేడియస్, చిటికెనవేలి వైపున్నది అల్నా. రేడియస్ ముందువైపు మధ్యభాగం నుంచీ, రెండెముకల మధ్య తెరలా ఉండే ఇంటరాసియస్ పొర నుంచీ ఈ కండరం పుడుతుంది. మణికట్టు దగ్గరికొచ్చేసరికి గట్టి తాడులాంటి టెండన్ అవుతుంది. ఆ టెండన్ మణికట్టులో కార్పల్ టన్నెల్ అనే ఇరుకు దారిలోంచి దూరి, బొటనవేలి మొదట్లో ఉబ్బుగా ఉండే కండల మధ్య నుంచి వెళ్ళి, గోరున్న చివరి ఎముక మొదట్లో అరచేతి వైపు అతుక్కుంటుంది. దారిలో అది ఎముకకు అంటుకునే నడిచేలా పుల్లీలనే పట్టీలు ఉంటాయి. అవి లేకపోతే వేలు వంచినప్పుడల్లా టెండన్ వింటినారిలా పైకి లేచిపోతుంది.

బొటనవేలికి ఇంకా కండరాలున్నాయి కదా, దీనికే ఇంత ప్రాధాన్యం ఎందుకు?

ఉన్నాయి. పక్కకు తీసేది ఒకటి, అడ్డంగా తెచ్చేది ఒకటి, మొదటి కీలును వంచేది ఇంకొకటి. కానీ గోటి దగ్గరున్న చివరి కీలును వంచేది ఎఫ్‌పీఎల్ ఒక్కటే, దానికి బదులు లేదు. చూపుడువేలికైతే వంచే టెండన్లు రెండుంటాయి, ఒకటి పోయినా రెండోది కొంతవరకు నెట్టుకొస్తుంది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. సూదిలో దారం ఎక్కించడం, గుండీ పెట్టడం, తాళంచెవి తిప్పడం, వేరుశనక్కాయ వొలవడం లాంటి పనులన్నిట్లో చివరి నొక్కు దీనిదే. చింపాంజీకి ఇది మనకున్నంత విడిగా, బలంగా ఉండదు. సన్నటి వస్తువును వేలి కొసల మధ్య గట్టిగా పట్టడంలో మనిషిది పైచెయ్యి కావడానికి ఇదో కారణమంటారు.

మా వాళ్ళు "నరం తెగింది" అంటున్నారు, డాక్టరేమో టెండన్ అంటున్నారు. రెండూ ఒకటేనా?

ఒకటి కాదు. నాకు ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే. మన మాటల్లో చర్మం కింద తాడులా కనిపించేదంతా నరమే. నీలంగా కనిపించే సిర నరం, మణికట్టు దగ్గర లేచే టెండన్ నరం, స్పర్శ మోసుకెళ్ళే నాడీ నరమే. ఆస్పత్రిలో ఈ మూడింటికీ దారులు వేరు. టెండన్ అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాడు, స్కూలు పుస్తకాల్లో స్నాయుబంధనం అని ఉండేది. అది తెగితే వేలు వంగదు, స్పర్శ మాత్రం ఉంటుంది. నర్వ్ తెగితే తిమ్మిరి, మొద్దుబారడం, కొన్నిసార్లు కండరం పనిచేయకపోవడం. డిశ్చార్జి కాగితంలో ఏ మాట రాశారో చూడండి. తర్వాత ఎక్కడ చూపించుకున్నా ముందు అడిగేది అదే.

బొటనవేలు కొస వంచితే చూపుడువేలు కూడా దానంతటదే వంగుతోంది. జబ్బా?

చాలామందికి జబ్బు కాదు, పుట్టుకతో వచ్చిన అమరిక. ఎఫ్‌పీఎల్‌కీ, చూపుడువేలిని వంచే లోతు టెండన్‌కీ మణికట్టు దగ్గర చిన్న అతుకు ఉంటుంది. 1979లో లిన్‌బర్గ్, కామ్‌స్టాక్ అనే వైద్యులు దీన్ని వివరించారు. వాళ్ళు చూసినవారిలో దాదాపు 31 శాతం మందికి కనీసం ఒక చేతికి ఇది ఉంది. క్లాసులో అందరినీ చెయ్యెత్తి బొటనవేలు వంచమంటే ప్రతి బ్యాచ్‌లోనూ కొందరి చూపుడువేళ్ళు తలూపుతాయి. వీణ, కీబోర్డు, వేగంగా టైపింగ్ చేసేవాళ్ళలో కొందరికి ముంజేయి నొప్పి పుడితే అప్పుడు చూపించుకోవాలి. లేకపోతే వదిలేయండి.

## కొస వంగట్లేదని గమనించినప్పుడు

ఇంట్లో నేనే ఎలా చూసుకోవాలి?

బొటనవేలి మొదటి ఎముకను, అంటే రెండు కీళ్ళ మధ్య భాగాన్ని, రెండో చేత్తో కదలకుండా పట్టుకోండి. ఇప్పుడు గోరున్న కొస ఒక్కదాన్నే వంచండి. వంగితే టెండన్‌కు పట్టు ఉన్నట్టు. ఇంకో చేతి వేలు అడ్డం పెట్టి తొయ్యండి, రెండు చేతుల బలం సమానంగా ఉందా పోల్చండి. వేలు మొత్తం ఊపి "కదుల్తోంది కదా" అనుకుంటే పరీక్ష చేసినట్టు కాదు, ఆ ఊపు వేరే కండరాలది. గాయం మానకముందైతే బలం పరీక్షించొద్దు. సగం తెగిన టెండన్ పూర్తిగా తెగొచ్చు.

దెబ్బ తగల్లేదు. ఒకరోజు నిద్ర లేచేసరికి కొస వంగట్లేదు. పక్షవాతమా?

మూతి వంకర పోవడం, మాట తడబడటం, కాలూ చెయ్యీ కలిసి బలహీనపడటం ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్ళండి. అవేవీ లేకుండా బొటనవేలి కొస, చూపుడువేలి కొస మాత్రమే వంగకపోతే, స్పర్శ మామూలుగా ఉంటే, అనుమానం యాంటీరియర్ ఇంటరాసియస్ నర్వ్ మీదకు పోతుంది. ఇది చేతి మధ్యగా దిగే మీడియన్ నర్వ్ అనే పెద్ద నర్వ్ కొమ్మ, మోచేతికి కాస్త కింద విడిపోతుంది. చర్మానికి స్పర్శ ఇవ్వదు, అందుకే తిమ్మిరి ఉండదు. కిలో, నెవిన్ అనే వైద్యులు 1952లో దీన్ని వివరంగా రాశారు. కొందరికి ముందు భుజంలో, చేతిలో భరించలేని నొప్పి వచ్చి, అది తగ్గాక బలహీనత బయటపడుతుంది. అది ఎక్కువగా నర్వ్ వాపు. ఆపరేషన్ లేకుండానే నెలల మీద చాలామందికి తిరిగొస్తుంది. న్యూరాలజిస్టు సూదితో చేసే ఈఎంజీ పరీక్ష రాయొచ్చు. అది మొదటి రోజుల్లో చేస్తే మార్పు సరిగా తెలియదు, సాధారణంగా మూడు వారాలు ఆగుతారు.

"ఓకే" గుర్తు పెట్టమన్నారు. నాకు గుండ్రంగా రాలేదు, నొక్కేసినట్టు వచ్చింది. ఏమర్థం?

గుండ్రం రావాలంటే రెండు కొసలు వంగాలి. బొటనవేలి కొసను ఎఫ్‌పీఎల్, చూపుడువేలి కొసను లోతు వంపు కండరంలో బొటనవేలి వైపున్న భాగం వంచుతాయి. రెండిటికీ కరెంటు ఒకే నర్వ్ నుంచి వస్తుంది. అది పనిచేయకపోతే కొసలు చాచుకునే ఉండి, వేళ్ళ మెత్తలు మాత్రమే ఒకదానికొకటి ఆనతాయి. సున్నా బదులు నీటిబొట్టు ఆకారం వస్తుంది. డాక్టరు చూసేది ఆ ఆకారాన్నే.

టెండన్ తెగిందా, నర్వ్ పోయిందా అన్నది ఎలా తేలుస్తారు?

చిన్న కిటుకు ఉంది. చెయ్యి వదులుగా వదిలేసి, మణికట్టును వెనక్కి వంచుతారు. టెండన్ అతుకు బాగుంటే దారం బిగిసినట్టు బొటనవేలి కొస దానంతటదే కాస్త వంగుతుంది. తెగి ఉంటే కొస వేలాడుతూనే ఉంటుంది. ముంజేతి కండరాన్ని నొక్కినా ఇలాగే తెలుస్తుంది. అనుమానం మిగిలితే అల్ట్రాసౌండ్‌లో టెండన్ కొసలు ఎక్కడున్నాయో చూస్తారు.

బొటనవేలు వంగి ఇరుక్కుపోతోంది. పట్టి లాగితే టక్‌మని తెరుచుకుంటోంది.

దీన్ని ట్రిగ్గర్ థంబ్ అంటారు. అరచేతిలో బొటనవేలి మొదలు దగ్గర ఏ1 అనే మొదటి పుల్లీ ఉంటుంది. అది మందమైనా, టెండన్ మీద గడ్డ కట్టినా, గాజు చేతికి ఎక్కనట్టు అక్కడ తట్టుకుంటుంది. పొద్దున లేవగానే ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్ళలో తరచుగా చూస్తాం. కొన్నాళ్ళు స్ప్లింట్ (వేలు కదలకుండా పట్టి ఉంచే తొడుగు), తర్వాత స్టెరాయిడ్ ఇంజెక్షన్, అవీ పనిచేయకపోతే పుల్లీని కోసి వదులు చేసే చిన్న ఆపరేషన్. స్టెరాయిడ్ వేశాక కొద్దిరోజులు షుగర్ పెరగొచ్చు, ముందే డాక్టరుతో చెప్పండి. వేడి నూనె రాసి గట్టిగా లాగి టక్కుమనిపించడం వల్ల లాభం లేదు, వాపు పెరుగుతుంది.

మా పాపకి ఏడాదిన్నర. ఒక బొటనవేలు ఎప్పుడూ వంగే ఉంటోంది, ఎముక విరిగిందా?

పడిన జ్ఞాపకం లేకపోతే, ముట్టుకుంటే ఏడవకపోతే, వేలి మొదట్లో శనగగింజంత గట్టి ముద్ద తగిలితే అది పిల్లల్లో వచ్చే ట్రిగ్గర్ థంబ్ కావచ్చు. ఆ ముద్ద టెండన్ మీదిది, నొట్టా నోడ్యూల్ అంటారు. కొందరికి పెరిగే కొద్దీ దానంతటదే సర్దుకుంటుంది, అందుకే డాక్టర్లు కొంతకాలం ఆగి చూస్తారు. ఆపరేషన్ అవసరమైనా చిన్నదే. అమ్మమ్మలు "బలవంతంగా సాగదీయమ్మా" అంటారు, పాప ఏడ్చేలా లాగొద్దు.

మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తాను. సాయంత్రానికి ముంజేయి లాగేస్తుంది, పట్టు జారిపోతుంది.

మిర్చి సీజన్‌లో ఈ మాట వినని వారం ఉండదు. ఒకసారి ఒకావిడ పని ఎలా ఉంటుందో నాకు చేసి చూపించారు. కాయను ఎడమ చేతిలో పట్టి, తొడిమను కుడి బొటనవేలి కొసకూ చూపుడువేలికీ మధ్య నొక్కి, ఒక్క గుంజు. కాయకొక నొక్కు, టిక్కీల కొద్దీ కాయలు. ఆ నొక్కు ఎక్కువగా ఎఫ్‌పీఎల్‌దే. ఎక్కువమందిలో ఇది కండరం అలసట, టెండన్ చుట్టూ రాపిడి. గంటకోసారి ఐదు నిమిషాలు చెయ్యి వదులు చేయడం, మణికట్టు వంచకుండా తిన్నగా పెట్టుకోవడం, వీలైతే చేతులు మార్చడం బాగా పనిచేస్తాయి. రాత్రి తిమ్మిర్లకు లేస్తుంటే, కొస వంగడం తగ్గితే చూపించుకోండి. కారం మంటకు నీళ్ళు పోస్తే తగ్గదు, ముందు నూనె రుద్ది తర్వాత సబ్బుతో కడగండి.

నాకు కార్పల్ టన్నెల్ ఉందన్నారు. కొస వంగకపోవడం దానివల్లేనా?

సాధారణంగా కాదు. ఎఫ్‌పీఎల్ టెండన్ కార్పల్ టన్నెల్ లోంచే వెళ్తుంది, నిజమే. తొమ్మిది టెండన్లు, ఒక మీడియన్ నర్వ్ ఆ ఇరుకులో సర్దుకుంటాయి. కానీ ఎఫ్‌పీఎల్‌కు కరెంటు ఇచ్చే కొమ్మ అంతకు చాలా ముందే, మోచేతి కిందే విడిపోయింది. టన్నెల్‌లో నొక్కుడు పడితే వేళ్ళ తిమ్మిరి, బొటనవేలి మొదటి కండ సన్నబడటం కనిపిస్తాయి, కొస వంపు మిగులుతుంది. రెండూ పోయుంటే నొక్కుడు పైన ఎక్కడో ఉందేమో వెతకాలి.

## తెగిన రోజు

కత్తిపీటతో వేలు తెగింది. వేలు కదులుతోంది కదా, చర్మానికి కుట్లు వేస్తే చాలదా?

ఆవకాయ రోజుల్లో మా దగ్గరికి వచ్చే కథ ఇది. ఒక పెద్దావిడ మామిడికాయ ముక్కలు కొడుతుంటే కత్తి జారి బొటనవేలి మొదట్లో అంగుళం గాయం. దగ్గర్లోని క్లినిక్‌లో మూడు కుట్లు వేసి పంపారు. గాయం చక్కగా మానింది. రెండు నెలల తర్వాత చీర కుచ్చిళ్ళు పట్టుకోలేకపోతున్నానని వచ్చారు. నా ముందు బొటనవేలు అటూ ఇటూ బాగానే ఊపారు, కొస మాత్రం కర్రలా నిలబడిపోయింది. టెండన్ ఆ రోజే తెగింది, ఎవరూ కొస వంచమని అడగలేదు. అందుకే చెప్తున్నాను, బొటనవేలి అరచేతి వైపు ఎక్కడ తెగినా, ఎంత చిన్నదైనా, కుట్లకు ముందు "కొస వంగుతోందా, స్పర్శ ఉందా చూడండి" అని మీరే అడగండి. మొహమాటపడొద్దు. సంక్రాంతికి మాంజాతో వేలు తెగినా, పగిలిన గాజుగ్లాసు గుచ్చుకున్నా ఇదే మాట.

ఆస్పత్రికి చేరేలోపు ఏం చేయాలి?

శుభ్రమైన గుడ్డతో గాయం మీద గట్టిగా అదిమి, చెయ్యి గుండె కన్నా ఎత్తులో పెట్టుకోండి. పసుపు, కాఫీపొడి, సున్నం పెట్టొద్దు. సర్జన్ వాటిని కడగడానికే సగం సమయం పోతుంది. మణికట్టుకు తాడు బిగించొద్దు. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయండి. ఆపరేషన్ అవసరం పడొచ్చు కాబట్టి, దారిలో టిఫిన్ చేయకుండా వెళ్ళండి. చివరి టీటీ ఇంజెక్షన్ ఎప్పుడో గుర్తుచేసుకోండి.

టెండన్ తెగిందన్నారు. ఎన్నాళ్ళలోపు కుట్టించాలి?

ఎంత త్వరగా అయితే అంత మేలు. మొదటి కొద్దిరోజుల్లో చేస్తే బాగా కుదురుతుంది, సుమారు రెండు వారాల వరకు కొసలు నేరుగా కలిపే అవకాశం ఉంటుంది. అర్ధరాత్రే చేయాల్సిన పని కాదు, చేతి ఆపరేషన్లు తెలిసిన సర్జన్ కోసం ఒకట్రెండు రోజులు ఆగడం తప్పు కాదు. వారాలు దాటితే కండరం కుంచించుకుపోతుంది, టెండన్ దారి మూసుకుపోతుంది. అప్పుడు వేరేచోటి టెండన్ ముక్క తెచ్చి అతకడమో, ఉంగరపువేలిని వంచే రెండు టెండన్లలో ఒకటి మళ్ళించడమో, చివరి కీలును స్థిరంగా బిగించేయడమో చేస్తారు. మళ్ళించాక ఉంగరపువేలు రెండోదానితో బతికేస్తుంది.

గాయం బొటనవేలి మీద, మరి మణికట్టు పైన కూడా ఎందుకు కోశారు?

తెగిన టెండన్ ఉన్నచోట ఉండదు. పైన కండరం లాగి పట్టుకుని ఉంటుంది కాబట్టి, తెగగానే పై కొస అరచేతి కండల్లోకో, ఒక్కోసారి ముంజేతిలోకో జారిపోతుంది. లంగా బొందు కొస లోపలికి పోతే పిన్నీసు పెట్టి వెతికినట్టే ఉంటుంది ఆ పని. ఇంకో కోత పెట్టి కొస పట్టుకుని, దాని పాత దారిలోంచే వేలి దాకా తెస్తారు. సర్జన్ పొరపాటు కాదు.

ముల్లు గుచ్చుకుంది. బొటనవేలంతా వాచింది, చిటికెనవేలు కూడా నొప్పి. దానికీ దీనికీ సంబంధమేంటి?

ఉంది, ఆలస్యం చేయొద్దు. ఎఫ్‌పీఎల్ టెండన్ చుట్టూ గొట్టంలాంటి తొడుగు ఉంటుంది, అది వేలి నుంచి మణికట్టు పై దాకా సాగుతుంది. దాన్ని రేడియల్ బర్సా అంటారు. చిటికెనవేలిది అల్నార్ బర్సా. మణికట్టు దగ్గర ఈ రెండూ చాలామందిలో కలుస్తాయి, అందుకే ఒకదాంట్లో చీము రెండోదాంట్లోకి గుర్రపు లాడం ఆకారంలో పాకుతుంది. వేలంతా ఉబ్బడం, కాస్త వంగి ఉండిపోవడం, తొడుగు వెంట నొక్కితే నొప్పి, చాపితే విపరీతమైన నొప్పి, ఈ నాలుగూ ఉంటే అదే రోజు సర్జన్‌కు చూపించాలి. మందులషాపు మాత్రలతో కాలం గడపొద్దు.

## ఎముక విరిగినప్పుడు

బండి మీంచి పడితే మణికట్టుకు ప్లేటు వేశారు. రెండేళ్ళ తర్వాత హఠాత్తుగా కొస వంగడం మానేసింది.

రేడియస్ కింది కొసకు అరచేతి వైపు వేసే ప్లేటు ఎఫ్‌పీఎల్‌కు పక్కిల్లు. ఆ ఎముక మీద వాటర్‌షెడ్ లైన్ అని ఒక గట్టు ఉంటుంది. ప్లేటు ఆ గట్టు దాటి ముందుకొస్తే, లేదా పైకి లేస్తే, వేలు వంచినప్పుడల్లా టెండన్ దాని అంచుకు రాసుకుంటుంది. బావి గిలక అంచుకు చేద తాడు అరిగినట్టు అరిగి ఒకరోజు తెగుతుంది. ప్లేటు వల్ల తెగే వంపు టెండన్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. తెగకముందు సూచనలుంటాయి. బొటనవేలు వంచితే మణికట్టులో గరగర, క్లిక్, ప్లేటు ఉన్నచోట నొప్పి. అవి ఉంటే ఎక్స్‌రేతో సర్జన్‌ను కలవండి, ప్లేటు తీసేస్తే టెండన్ మిగులుతుంది. ప్లేటు వేసుకున్న వాళ్ళందరికీ ఇలా అవుతుందని టెన్షన్ పడక్కర్లేదు, కొద్దిమందికే.

కీళ్ళవాతానికి ఏళ్ళుగా మందులు వాడుతున్నాను. నొప్పి కూడా లేకుండా కొస వంగడం ఆగిపోయింది.

రుమటాయిడ్‌లో మణికట్టులోని స్కాఫాయిడ్ ఎముక మీద ములుకు పెరిగి టెండన్‌ను అరగదీయొచ్చు. మానర్‌ఫెల్ట్, నార్మన్ అనే వైద్యులు 1969లో దీన్ని వివరించారు. నొప్పి లేదు కదాని వదిలేస్తే పక్క టెండన్లు కూడా అదే ములుకుకు తెగుతాయి.

పిల్లాడు జామచెట్టు మీంచి పడి మోచెయ్యి విరిగింది. డాక్టరు బొటనవేలు వంచమని అడిగారు. ఎందుకు?

మోచేతి పైన విరిగే సుప్రాకాండైలార్ ఫ్రాక్చర్‌లో ఎక్కువగా దెబ్బతినేది ఎఫ్‌పీఎల్‌కు వెళ్ళే ఆ నర్వ్ కొమ్మే. దానికి స్పర్శ లేదు కాబట్టి, గిల్లి చూస్తే తెలియదు. కొస వంచమనో, ఓకే గుర్తు పెట్టమనో అడిగితేనే బయటపడుతుంది. ఆపరేషన్‌కు ముందే ఇది రాసి పెట్టుకోవడం మంచి డాక్టరు లక్షణం. ఎముక సరిచేశాక ఎక్కువమంది పిల్లల్లో కొద్ది నెలల్లో తిరిగొస్తుంది.

నాటు కట్టు కట్టించాం. రాత్రంతా ఏడ్చాడు, వేళ్ళు ముట్టుకోనివ్వట్లేదు. తెల్లారాక చూపిద్దామా?

తెల్లారేదాకా ఆగొద్దు. కట్టు ఇప్పుడే వదులు చేసి బయల్దేరండి. బిగుతు కట్టు, లోపలి వాపు కలిసి ముంజేతి లోతు కండరాలకు రక్తం అందకుండా చేస్తాయి. ఎముకకు అంటుకుని ఉండే ఎఫ్‌పీఎల్, వేళ్ళ లోతు వంపు కండరం ముందుగా చచ్చిపోయేవి. వేళ్ళు చాపితే గావుకేక పెట్టేంత నొప్పి దీని మొదటి గుర్తు. నాడి అందుతున్నా ఇది ఉండొచ్చు. గంటలు గడిస్తే కండరం నారలా గట్టిపడి వేళ్ళు జీవితాంతం ముడుచుకుపోతాయి. ఫోక్‌మన్ అనే సర్జన్ 1881లో రాసిన స్థితి ఇదే, ఇప్పటికీ చూస్తున్నాం. ఆస్పత్రిలో వేసిన పిండికట్టు బిగుసుకున్నా ఇంతే ప్రమాదం.

## టెండన్ కుట్టాక

ఒకరు కదపమంటారు, ఒకరు కదపొద్దంటారు. ఏది నిజం?

రెండూ నిజమే, ఎలా కదపాలన్నదే తేడా. అస్సలు కదపకపోతే కుట్టిన టెండన్ చుట్టుపక్కల కండతో అంటుకుపోతుంది. బలంగా కదిపితే కుట్టు విడిపోతుంది. అందుకే కొద్దిరోజులకే స్ప్లింట్ లోపల, థెరపిస్టు చెప్పినంత మేర, బరువు లేకుండా కదిలిస్తాం. ఏ పద్ధతన్నది సర్జన్ ఎంత బలమైన కుట్టు వేశారో దాన్నిబట్టి ఉంటుంది. పక్క బెడ్డు వాళ్ళకు చెప్పిన వ్యాయామం మీరు చేయొద్దు.

మూడు వారాలైంది, నొప్పి లేదు. స్ప్లింట్ తీసేసి బిందె ఎత్తాను. ఏమవుతుంది?

చర్మం మానినంత త్వరగా టెండన్ మానదు. నొప్పి లేకపోవడం బలం వచ్చినట్టు కాదు. మొదటి వారాల్లోనే కుట్టు తెగే ప్రమాదం ఎక్కువ. మామూలుగా ఆరు వారాల దాకా స్ప్లింట్ కాపలా, తర్వాత తేలిక పనులు, పన్నెండు వారాల తర్వాతే బరువులు. ఎత్తినప్పుడు "ఫట్" మని వినిపించినా, అప్పటిదాకా వంగిన కొస వంగకపోయినా వెంటనే సర్జన్‌కు ఫోన్ చేయండి. ఏమీ కాకపోతే మీ అదృష్టం, స్ప్లింట్ మళ్ళీ పెట్టుకోండి.

కొస మునుపటిలా పూర్తిగా వంగుతుందా?

ముందే మాటివ్వడం కష్టం. శుభ్రమైన కత్తి గాయం, త్వరగా కుట్టడం, క్రమంగా వ్యాయామం ఉంటే చాలామందికి పనికొచ్చే వంపు వస్తుంది. నలిగిన గాయం, ఎముక కూడా విరగడం, ఆలస్యం ఉంటే కొంత తగ్గుతుంది. ఒక ఊరట ఏంటంటే, బొటనవేలి కొస సగం వంగినా రోజువారీ పనులు చాలావరకు జరిగిపోతాయి. ఆటోనగర్ మెకానిక్ ఒకరు సగం వంపుతోనే స్పానర్ పట్టి, "చాలు సార్, ఇక రాను" అని చెప్పి మరీ మానేశారు.

బండి ఎప్పుడు నడపొచ్చు?

స్ప్లింట్ ఉండగా వద్దు. తర్వాత కూడా బ్రేకు, క్లచ్ గట్టిగా పట్టగలనని సర్జన్ ముందు చూపించాకే.

## వైవాకు (నోటితో చెప్పే పరీక్షకు) వెళ్ళేవాళ్ళకు

ఎఫ్‌పీఎల్ గురించి చెప్పమంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పొరతో మొదలుపెట్టండి. ముంజేతి ముందువైపు లోతు పొరలో మూడే కండరాలు. ఫ్లెక్సర్ డిజిటోరమ్ ప్రొఫండస్, ఎఫ్‌పీఎల్, ప్రోనేటర్ క్వాడ్రేటస్. తర్వాత పుట్టుక, అతుకు, నర్వ్, పని. నర్వ్ యాంటీరియర్ ఇంటరాసియస్, వెన్నుపాము నుంచి వచ్చే వేర్లు ప్రధానంగా సీ8, టీ1. రక్తం ఎక్కువగా యాంటీరియర్ ఇంటరాసియస్ ఆర్టరీ నుంచి. కండరం ఒకవైపు ఈకలా, యూనిపెన్నేట్‌గా ఉంటుందని చెప్తే ఎగ్జామినర్ తలెత్తి చూస్తారు.

ఫ్రోమెంట్ సైన్‌లో ఈ కండరం చేసేదేంటి?

ఇక్కడ ఎఫ్‌పీఎల్ రోగి కాదు, సాయానికి వచ్చిన పొరుగువాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాగితం పెట్టి లాగితే, మామూలుగా బొటనవేలిని అరచేతి వైపు లాగే అడక్టర్ పాలిసిస్ పట్టి ఉంచుతుంది. దానిది అల్నార్ నర్వ్. అది పోతే ఎఫ్‌పీఎల్ రంగంలోకి దిగి కొసను వంచి కాగితం పట్టుకుంటుంది. వంగిన కొస కనిపిస్తే అల్నార్ నర్వ్‌లో లోపం, మీడియన్ బాగుంది అని అర్థం. చాలామంది దీన్ని తిప్పి చెప్పి మార్కులు పోగొట్టుకుంటారు.

గాంట్జర్ మజిల్ అంటే?

ఎఫ్‌పీఎల్‌కు కొందరిలో ఉండే అదనపు తల. మోచేతి లోపలివైపు బొడిపె అయిన మీడియల్ ఎపికాండైల్ నుంచో, అల్నా పైకొసన ఉండే కరొనాయిడ్ అనే ముక్కు నుంచో వస్తుంది. 1813లో గాంట్జర్ రాశాడు. యాంటీరియర్ ఇంటరాసియస్ నర్వ్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి, దాన్ని నొక్కే కారణాల్లో ఒకటిగా చెప్తారు.

డిసెక్షన్‌లో దీన్ని ఫ్లెక్సర్ డిజిటోరమ్ ప్రొఫండస్‌తో కలిపేసుకుంటున్నాను. ఎలా గుర్తుపట్టాలి?

పై పొరలు పక్కకు తీశాక రేడియస్ మీద ఉన్నది ఎఫ్‌పీఎల్, అల్నా మీద ఉన్నది ప్రొఫండస్. రెండిటి మధ్య గాడిలో పొర మీద సన్నటి నర్వ్, ఆర్టరీ కిందికి దిగుతూ ప్రోనేటర్ క్వాడ్రేటస్ కిందికి దూరతాయి. అప్పటికీ అనుమానముంటే మణికట్టు పైన ఆ టెండన్‌ను ఫోర్సెప్స్‌తో పట్టి మెల్లగా లాగండి, బల్లకు అటుపక్క మీ స్నేహితుణ్ణి చెయ్యి చూడమనండి. నాలుగు వేళ్ళు కదలకుండా, బొటనవేలి కొస ఒక్కటే ముందుకు వంగుతుంది.